ఫుల్ థ్రస్ట్ నేర్చుకుందాం – మూడో పాఠం: ఆర్డరు రాయడం, ఓడ కదపడం

ఫుల్ థ్రస్ట్ అంటే అంతరిక్ష ఓడల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట. ఒక్కో ఓడ వివరాలుండే ఓడ పత్రం చదవడం రెండో పాఠంతో అయిపోయింది. ఇక ఓడను బల్ల మీద కదుపుదాం. ఫుల్ థ్రస్ట్‌లో గెలుపోటములు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. బీమ్ అనే కిరణ ఆయుధాలు పేల్చి పాచికలు వేసే వేళకి ఎవరి బీమ్‌లు ఎవరిమీదకి తిరిగి ఉన్నాయన్నది అప్పటికే కాగితం మీద రాసిపెట్టి ఉంటుంది.

మనం ఆడుతున్నది బ్రిటన్‌లోని గ్రౌండ్ జీరో గేమ్స్ వారి 1992 నాటి రెండో కూర్పు, 1998 నాటి మొదటి ఫ్లీట్ బుక్ తెచ్చిన సవరణలతో కలిపి. రెండూ ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఫ్లీట్ బుక్‌లో వెక్టర్ కదలిక అని మరో పద్ధతి ఉంది. ఓడ ముక్కు ఒకవైపు, ప్రయాణం మరోవైపు. ఇప్పుడే దాని జోలికి పోవద్దు, మామూలు పద్ధతి చేతికి పట్టుబడ్డాక చూద్దాం.

బల్ల, టేపు, కోర్సు బిళ్ల

పుస్తకంలో దూరాలన్నీ ఎంయూల్లో ఉంటాయి. ఒక ఎంయూ అంటే అంగుళమో సెంటీమీటరో మీ ఇష్టం. 6 అడుగులకు 4 అడుగుల బల్ల దొరికితే అంగుళాలు పెట్టుకోండి. అప్పుడు మైదానం 72×48 ఎంయూలు. డైనింగ్ టేబులే దిక్కయితే సెంటీమీటర్లు మేలు. 5×3 అడుగుల బల్ల మీద సుమారు 150×90 ఎంయూలు వస్తాయి, అంటే పెద్ద బల్ల కంటే విశాలం. చిక్కల్లా ఓడ బొమ్మల స్టాండ్లు ఒకదానిమీదొకటి ఎక్కడమే. కాబట్టి స్టాండు అడుగు 2.5 సెం.మీ. మించకుండా చూసుకోండి. కొలత ఎప్పుడూ స్టాండు మధ్య నుంచే, ఓడ ముక్కు నుంచి కాదు. దర్జీ టేపు కన్నా ఇనుప టేపు నయం, మధ్యలో వంగదు. రెండు ఉంటే ఇంకా మంచిది.

దిక్కు చెప్పడానికి గడియారం లెక్క. బల్ల పొడవునా ఒక కొసను 12 అనుకుంటే, మిగతా గంటలు దాని చుట్టూ 30 డిగ్రీలకు ఒకటి చొప్పున. ఓడ ముక్కు చూసే గంటే దాని కోర్సు. దీన్ని కంటితో అంచనా వేయకండి, బిళ్ల చేసుకోండి. పాత సీడీని మందపాటి అట్ట మీద పెట్టి చుట్టూ గీయండి. సీడీ వ్యాసం 12 సెం.మీ., అర్ధవ్యాసం 6. అంచు మీద ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి స్కేలుతో తిన్నగా 6 సెం.మీ. దూరంలో అంచు మీదే ఇంకో చుక్క, మళ్లీ ఇంకోటి. ఆరు చుక్కలు సరిగ్గా సరిపోతాయి, అవి సరి గంటలు. రెండేసి చుక్కలకు మధ్యన ఒక్కో గీత గీస్తే బేసి గంటలూ వచ్చాయి. చివరగా 6 గంటల వైపు అంచు నుంచి మధ్య దాకా స్టాండు పుల్ల పట్టేంత గాడి కత్తిరించండి. ఓడను ఎత్తకుండా బిళ్లను వెనక నుంచి దాని కిందికి జరపడానికి అది.

ఆర్డరులో ఏముంటుంది

ప్రతి ఓడకూ ఒక థ్రస్ట్ అంకె, అంటే ఇంజను బలం, ఉంటుంది. ఒక్కో థ్రస్ట్ పాయింటుతో వేగాన్ని 1 పెంచవచ్చు, 1 తగ్గించవచ్చు, లేదా ముక్కును ఒక గంట తిప్పవచ్చు. తిప్పడానికి మాత్రం మొత్తం థ్రస్ట్‌లో సగానికి మించి వాడకూడదు. థ్రస్ట్ 4 ఉన్న క్రూజర్ రెండు గంటలు తిరిగి, మిగిలిన రెండు పాయింట్లతో వేగం మార్చుకోగలదు. మూడు గంటలు తిరగలేదు, వేగం అసలు మార్చకపోయినా సరే.

ఇంజను వాడకపోతే ఓడ ఆగదు. పోయిన రౌండులో 12 ఉంటే ఈ రౌండులోనూ 12 ముందుకు పోవలసిందే. కార్ల ఆటలకు అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే తడబడతారు.

ఓడ ఎడమకు పి (పోర్ట్), కుడికి ఎస్ (స్టార్‌బోర్డ్) అని రాయడం ఆట మొదటి నుంచీ ఉన్న అలవాటు. పి2 +2 అంటే ఎడమకు రెండు గంటలు, వేగం రెండు ఎక్కువ. అందరూ ఎవరి కాగితం మీద వాళ్లు గుట్టుగా రాసుకుని ఒకేసారి బయటపెట్టాలి. కాగితం మీద నాలుగు గడులు గీయండి: రౌండు, ఆర్డరు, కొత్త వేగం, కొత్త కోర్సు. చివరి రెండూ ఆర్డరు రాసేటప్పుడే నింపాలి. ఓడను కదిపాక నింపుకుందామనుకుంటే కాల్పుల సందడిలో మరిచిపోతారు. తర్వాతి రౌండులో వేగం పదా పన్నెండా అని వాదన మొదలవుతుంది, దాన్ని తేల్చే ఆధారం బల్ల మీద ఏదీ ఉండదు.

కదిపే పద్ధతి

క్రూజర్ థ్రస్ట్ 4, వేగం 10, కోర్సు 12. ఆర్డరు పి2 +2. కొత్త వేగం 12 ఈ రౌండు నుంచే అమలు, వచ్చే రౌండు నుంచి కాదు. తిరగాల్సిన రెండు గంటల్లో సగం మొదట్లోనే, కాబట్టి ముక్కు 11కి వచ్చింది. వేగంలో సగం, అంటే 6, ముందుకు. మిగతా గంట ఇప్పుడు తిప్పితే ముక్కు 10కి వచ్చింది. ఇంకో 6 ముందుకు. ఓడ బయల్దేరిన చోటి నుంచి 8.2 ముందుకు, 8.2 ఎడమకు చేరి ఉండాలి. మీ కొలత దీనికి అర ఎంయూ కన్నా ఎక్కువ తేడా వస్తే బిళ్లనో టేపునో సరిచూసుకోండి.

గంటలు బేసి అయితే చిన్న సగం ముందు, పెద్ద సగం మధ్యలో. ఒక్క గంటే అయితే మొదట్లో ఏమీ తిప్పరు, సగం దూరం తిన్నగా పోయాకే తిప్పుతారు. వేగం బేసి అయితే సగాన్ని అరతో సహా కొలవాలా, సవరించాలా అన్నది ఆటకు ముందే అనుకోండి. అర ఎంయూ తేడాతోనే బీమ్ పాచిక ఒకటి పోవచ్చు.

కొత్తవాళ్లు చేసే తప్పుల్లో పెద్దది రెండు గంటలూ మొదట్లోనే తిప్పేయడం. అలా చేస్తే పై ఓడ 10.4 ఎడమకు, 6 మాత్రమే ముందుకు పోతుంది. దేని పరిధిలోనో ఉండాల్సిన ఓడ బయట తేలుతుంది. రెండోది కుడి ఎడమల తికమక. ఓడ మీవైపు చూస్తున్నప్పుడు దాని ఎడమ మీకు కుడి. అనుమానం ఉంటే మొహమాటం లేకుండా లేచి ఓడ వెనక్కి వెళ్లి నిలబడి రాయండి. మూడోది, ఓడను కదుపుతూ పక్క ఓడను మోచేత్తో తోసేయడం. కదిపే ముందు పాత చోట ఒక పాచిక పెట్టండి, లెక్క తప్పితే వెనక్కి రావచ్చు. ఇక రెండు స్టాండ్లు ఒకే చోటికి వస్తే కంగారేమీ లేదు. ఈ ఆటలో ఓడలు అనుకోకుండా ఢీకొనవు, ఒకదాన్ని కాస్త జరిపి పెట్టుకోండి.

థ్రస్ట్ 4 ఓడకు పి3 లాంటి చెల్లని ఆర్డరు రాసినవాళ్ల సంగతి ముందే తేల్చుకోవాలి. పి2 దాకా అమలు చేసి మిగతాది వదిలేయడం కొత్తవాళ్ల బల్లకు సరిపోతుంది. పాతకాపులు ఆడుతుంటే మొత్తం ఆర్డరు రద్దు, ఓడ తిన్నగా పోతుంది అన్నా తప్పులేదు.

వేగం ఎంత ఉండాలి

థ్రస్ట్ 4 ఓడ పూర్తిగా వెనక్కి తిరగడానికి ఆరు గంటలు, అంటే మూడు రౌండ్లు పడుతుంది. వేగం ఎంతైనా ఇందులో మార్పు లేదు. మారేది ఎక్కడికి తేలుతుందన్నదే. వేగం 6 అయితే మూడు రౌండ్ల తర్వాత 11.2 పక్కకు ఉంటుంది. 12 అయితే 22.4 పక్కకు. 24 అయితే 44.8. మన బల్ల అడ్డం 48 అంగుళాలే కదా, మధ్యలో ఉన్న ఓడ 24 వేగంతో వెనక్కి తిరగబోతే బల్ల దిగిపోతుంది. వేగంగా పోవడమంటే తప్పించుకోవడం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఎదురెదురుగా వచ్చే పోరులో ఇంకో లెక్క. రెండు పక్షాలూ 60 దూరంలో మొదలై చెరో 12 వేగంతో తిన్నగా వస్తే, మొదటి రౌండు చివర 36 దూరం, రెండో రౌండు చివర 12. మూడో రౌండులో ఒకరినొకరు దాటేసి వీపులు చూపించుకుంటారు. బీమ్ తరగతిని క్లాస్ అంటారు, అంకె పెద్దదైతే అందే దూరం ఎక్కువ. క్లాస్ 2 బీమ్‌కి 12 దాకా రెండు పాచికలు, 24 దాకా ఒకటి, ఆపైన ఏమీ లేదు. అంటే క్లాస్ 2 ఓడల మధ్య మూడు రౌండ్లలో కాల్పులకు పనికొచ్చేది ఒక్కటే. క్లాస్ 3 ఉన్నవాడికి 36 దగ్గర కూడా ఒక పాచిక ఉంటుంది, వాడు తొందరపడడు. అందుకే ఎదుటివాడి ఓడ పత్రంలో బీమ్ తరగతి చూశాకే మొదటి ఆర్డరు రాయాలి.

ఎదుటి ఓడ ఎక్కడికి రాగలదో ఊహించడం దీని తర్వాతి మెట్టు. దాని థ్రస్ట్ 4, వేగం 12 అనుకుందాం. తిన్నగా పోతే 8 నుంచి 16 దాకా ఎక్కడైనా ఆగవచ్చు. ఎడమకు రెండు గంటలు తిరిగితే 6.8 ముందుకు 6.8 పక్కకు మొదలుకొని 9.6 ముందుకు 9.6 పక్కకు వరకు. కుడికీ అంతే. ఈ చుక్కలన్నీ కలిపితే విసనకర్ర ఆకారం వస్తుంది, ఓడ దాని బయటికి పోలేదు. అట్టతో ఒకటి కత్తిరించి సాధనలో వాడుకోండి. అసలు ఆటలో ముందే కొలవడం ఒప్పుకుంటారో లేదో అడిగాకే బయటికి తీయాలి. మీ ఆర్డరు మంచిదా కాదా అన్నదానికి కొలత ఒక్కటే: రౌండు చివర ఆ విసనకర్రలో ఎంత భాగం మీ బీమ్‌ల ముందు ఉంది?

సాధన

మీ ఓడ థ్రస్ట్ 4, వేగం 4, కోర్సు 12. సరిగ్గా ఎదురుగా 24 దూరంలో శత్రువు, కోర్సు 6, వేగం 12, మూడు రౌండ్లూ తిన్నగా వస్తాడు. ఇద్దరికీ ముందువైపు 180 డిగ్రీలు కాల్చే క్లాస్ 2 బీమ్ ఒకటి, అన్ని దిక్కులా కాల్చే క్లాస్ 1 ఒకటి. క్లాస్ 1కి 12 దాకా ఒక పాచిక, అంతే. మీరు మూడు రౌండ్లూ ఎస్2 రాసి కదిపి, ప్రతి రౌండు చివర దూరం కొలవండి.

మొదటి రౌండు చివర 9.7 రావాలి. ఇద్దరూ అన్నీ కాల్చుకోగలరు. రెండో రౌండు చివర 6.7. ఇంత దగ్గరున్నా క్లాస్ 2లు రెండూ దండగే. వాడు మీ కుడి వెనక, మీరు వాడి ఎడమ వెనక ఉంటారు. క్లాస్ 1లు మాత్రమే పలుకుతాయి. మూడో రౌండు చివర మీ ముక్కు వాడి వైపు తిరిగింది, దూరం 12.5. మీ క్లాస్ 2కి ఒక పాచిక. వాడి క్లాస్ 2 మీవైపు తిరిగి లేదు, క్లాస్ 1 మీ దాకా అందదు. ఉత్తినే ఒక దెబ్బ.

ఇప్పుడు మూడో రౌండు ఆర్డరు ఎస్2 +2 అని మార్చి మళ్లీ కదపండి. దూరం 11.4కి దిగుతుంది. మీ క్లాస్ 2కి రెండు పాచికలు, క్లాస్ 1కి ఒకటి, మొత్తం మూడు. కానీ వాడి క్లాస్ 1 కూడా ఇప్పుడు మీకు తగులుతుంది. వాడి ఓడ అప్పటికే ఓడ పత్రంలో ఒక వరుస దెబ్బల గళ్లు పోగొట్టుకుని ఉంటే +2 రాయండి. మీదే దెబ్బతిని ఉంటే ఎస్2తో ఆగి, ఆ ఒక్క పాచికతో సరిపెట్టుకోండి.