పికప్ మార్చాక గిటార్ టోన్ తేడా కొడుతోందా?

కొత్త పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్ ఉన్న భాగం) నచ్చలేదని వెంటనే పీకేయకండి. లోపం చాలాసార్లు దాని ఎత్తులోనో, వైరింగ్‌లోనో, పాట్‌లోనో (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే రెసిస్టర్) ఉంటుంది.

హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్) వేశాక శబ్దం మూసుకుపోయినట్టుంది

ముందు పాట్ చూడండి. సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న పికప్) గిటార్లలో సాధారణంగా 250 కిలోఓమ్‌ల వాల్యూమ్ పాట్ ఉంటుంది. హంబకర్‌కి అది ఎక్కువ లోడ్ అయి ట్రెబుల్ తగ్గిపోతుంది. 500 కిలోఓమ్‌లది వేస్తే టోన్ తెరుచుకుంటుంది. సింగిల్ కాయిల్ చెవుల్లో గుచ్చుకుంటుంటే దీనికి రివర్స్‌లో 500 తీసి 250 పెట్టండి. పాట్ మీద రాసిన విలువను నమ్మకండి, 10 నుంచి 20 శాతం తేడా మామూలే. వైర్లు విప్పి, రెండు చివరి కాళ్ల మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. చాలామంది ముందు టోన్ కెపాసిటర్ మారుస్తారు. నా ఉద్దేశంలో అది వృథా శ్రమ. నాబ్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు 0.022, 0.047 మైక్రోఫారడ్‌ల మధ్య తేడా దాదాపు వినిపించదు.

రెండు పికప్‌లు కలిపితే పల్చగా, బాస్ లేకుండా మోగుతోంది

అవి ఎదురు ఫేజ్‌లో ఉన్నాయి, అంటే ఒకదాని సిగ్నల్ రెండోదాన్ని కొట్టేస్తోంది. ఒకదాని రెండు వైర్లను అటూ ఇటూ మార్చండి. దానికి మెటల్ కవర్ ఉంటే ముందు కవర్ గ్రౌండ్‌ని విడదీసి వేరే వైర్ ఇవ్వాలి. లేదంటే కవరే సిగ్నల్ వైపు చేరి హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తుంది.

పై ఫ్రెట్లలో లావు తీగలు వణుకుతున్నాయి, శ్రుతి నిలవట్లేదు

సింగిల్ కాయిల్ అయస్కాంతాలు తీగను లాగుతున్నాయి. పికప్ దించండి. చివరి ఫ్రెట్ నొక్కి, తీగ అడుగు నుంచి పికప్ పోల్ (తీగ కింద కనిపించే అయస్కాంతం తల) వరకు లావు తీగ వైపు 2.5, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. ఆ తర్వాత స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినండి. పైసా ఖర్చు లేకుండా టోన్‌ని ఇంతగా మార్చేది గిటార్‌లో ఇంకొకటి లేదు.

బ్రిడ్జ్ (గిటార్ బాడీ మీద తీగలు ఆనే భాగం) మార్చాక హమ్

తీగలు ముట్టుకున్నా హమ్ తగ్గకపోతే గ్రౌండ్ వైర్ తెగి ఉండవచ్చు. బ్రిడ్జ్‌కీ, జాక్ గ్రౌండ్ కాలుకీ మధ్య మీటర్ దాదాపు సున్నా చూపాలి. ముట్టుకుంటే తగ్గుతోందంటే వైర్ బాగానే ఉంది, లోపల కాపర్ టేప్ అంటించి దాన్ని గ్రౌండ్‌కి కలపండి. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి సింగిల్ కాయిల్ పట్టే హమ్ టేప్‌తో పోదు. 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు కాయిల్స్‌తో హంబకర్ చేసింది దానికోసమే.

వాల్యూమ్ పెంచితే కీచుమంటోంది

కాయిల్ వదులై కంపిస్తోంది. మైనంలో ముంచాలి. వేడి ఎక్కువైతే బాబిన్ వంగిపోతుంది కాబట్టి ఇది చేయి తిరిగినవాళ్లకే అప్పగించండి.