రక్తంలో ప్రాణవాయువు ప్రయాణం: చెరువు, పంటు, సున్నపు తేటలతో బోధించే విధానం

రక్తప్రసరణ పాఠం చెప్పేటప్పుడు గుండె బొమ్మలో ఒక సగానికి నీలం, రెండో సగానికి ఎరుపు వేయించి ముగించడం మన ఉపాధ్యాయుల్లో చాలామందికి అలవాటు. ఆ బొమ్మ చూసిన పిల్లలు సిరల్లో నీలి రక్తం పారుతుందనీ, అందులో ఆక్సిజన్ బొత్తిగా ఉండదనీ అనుకుంటారు. ‘ఆమ్లజనిరహిత రక్తం’, ‘చెడు రక్తం’ అనే మాటలు ఆ పొరపాటును మరింత గట్టిపరుస్తాయి. నిజానికి విశ్రాంతిగా ఉన్న మనిషిలో గుండెకు తిరిగి వచ్చే రక్తంలోని హీమోగ్లోబిన్ (ఎర్ర కణాల్లో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్) ఇంకా సుమారు 75 శాతం ఆక్సిజన్‌తో నిండే ఉంటుంది, దాని రంగు ముదురు ఎరుపే. అందుచేత రంగు పెన్సిళ్లను పక్కన పెట్టి, పాఠాన్ని చెరువు గట్టు మీద మొదలుపెట్టండి.

భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల బడుల్లో, రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఎరగని పిల్లలుండరు. తెల్లవారుజామున చెరువులో డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) ఎందుకు పడిపోతుందో, రొయ్యలు పైకి ఎందుకు తేలుతాయో వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాత బోర్డు మీద లెక్క వేయండి. 28 డిగ్రీల దగ్గర గాలితో సమంగా ఉన్న మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల లోపు, అంటే 6 మిల్లీలీటర్ల లోపు ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. మన ధమనుల రక్తంలో ఉత్తినే కరిగి ఉండేది ఇంకా తక్కువ, లీటరుకు 3 మిల్లీలీటర్లు. అదే రక్తంలో హీమోగ్లోబిన్ పట్టి ఉంచేది సుమారు 200 మిల్లీలీటర్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాస్తే హీమోగ్లోబిన్ ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కరలేదు. నీలి రక్తం చూడాలని ఎవరైనా పట్టుబడితే రొయ్యనే ఉదాహరణగా చెప్పవచ్చు: దానిలో ఇనుముకు బదులు రాగి ఉన్న హీమోసయనిన్ ఉంటుంది, ఆక్సిజన్ పట్టినప్పుడు అది నీలి రంగు తిరుగుతుంది.

హీమోగ్లోబిన్ అణువును గోదావరి దాటించే పంటుతో పోల్చండి. ఈ పంటులో నాలుగే చోట్లుంటాయి, ఒక్కో చోట ఒక్కో ఇనుప పరమాణువు ఒక ఆక్సిజన్ అణువును పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల రేవులో నాలుగు చోట్లూ దాదాపుగా నిండుతాయి. విశ్రాంతిగా ఉన్న శరీరంలో అవతలి రేవున సగటున ఒక్కరే దిగుతారు. కాని పరుగెత్తే పిల్లవాడి పిక్కలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత, వేడి పెరిగేసరికి హీమోగ్లోబిన్ పట్టు సడలి, దిగేవారు ఎక్కువవుతారు. కార్బన్ డయాక్సైడ్ వల్ల ఈ పట్టు సడలడాన్ని 1904లో క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు వెల్లడించారు. ఏ కండరం కష్టపడితే దానికే ఎక్కువ అందుతుందన్నమాట.

కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు ఎవరింట్లోనైనా ఉంటే తెప్పించి, వేలికి పెట్టి చూపండి. అది చెప్పేది ధమని రక్తంలో ఎన్ని చోట్లు నిండాయన్న శాతమే గాని, పంట్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు. హీమోగ్లోబిన్ 14 గ్రాములున్న వ్యక్తికీ, రక్తహీనతతో 7 గ్రాములకు పడిపోయిన వ్యక్తికీ 98 అనే చూపించవచ్చు. రెండో వ్యక్తి రక్తం మోసే ఆక్సిజన్ మాత్రం మొదటివారిదాంట్లో సగమే. నాకు తెలిసి ఈ తేడాను పెద్దవాళ్లు కూడా తరచుగా పట్టించుకోరు.

ఇక కార్బన్ డయాక్సైడ్ సంగతి. తాంబూలానికి వాడే సున్నం ఒక చెంచా తీసుకుని, సీసాడు నీళ్లలో కలిపి, మూత బిగించి రాత్రంతా ఉంచండి. తెల్లవారి అడుగు కదలకుండా పైతేటను రెండు గాజు గ్లాసుల్లోకి వంచండి. సున్నం కంట పడకూడదు, నోట్లోకి పీల్చకూడదు. ఈ రెండు మాటలూ ముందే గట్టిగా చెప్పాలి. ఒక గ్లాసులోకి సైకిలు పంపుతో గాలి కొట్టించండి, రెండోదానిలోకి బొప్పాయి కాడతో మెల్లగా ఊదించండి. పంపు గాలి పోసిన తేట చాలాసేపు తేటగానే ఉంటుంది, ఊపిరి తగిలినది త్వరలోనే పాలలా తెల్లబడుతుంది. తేటను తెల్లబరిచేది కార్బన్ డయాక్సైడే: బయటి గాలిలో ఈ వాయువు 0.04 శాతం, మనం విడిచే ఊపిరిలో సుమారు 4 శాతం. ఒకే పిల్లవాడి చేత ఎక్కువసేపు ఊదించకండి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకు వెళ్లే రక్తనాళాలు ముడుచుకుని, తల తిరుగుతుంది.

చాలామంది తెల్లబడగానే ఆపేస్తారు, అసలు పాఠం ఆ తర్వాతే ఉంది. నీళ్లు కలిపి పలుచన చేసిన తేటలోకి పిల్లలు వంతులవారీగా ఊదుతూ పోతే ఆ తెలుపు క్రమంగా విరిగి, కరగని కార్బొనేట్ కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది. మన రక్తం కూడా కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 70 శాతాన్ని బైకార్బొనేట్ రూపంలోనే మోస్తుంది. ఎర్ర కణాల్లోని కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఈ మార్పును వేగంగా జరిపిస్తుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హీమోగ్లోబిన్‌కు అంటుకుని, కొద్ది భాగం కరిగి ప్రయాణిస్తుంది. తేటపడిన నీటిని ఇప్పుడు చిన్న గిన్నెలో పోసి మరిగించండి. వాయువు బుడగలుగా విడిపోయి నీరు మళ్లీ తెల్లబడుతుంది. ఊపిరితిత్తుల్లో అదే ఎంజైము, మంట అవసరం లేకుండా, బైకార్బొనేట్‌ను తిరిగి వాయువుగా మార్చి ఊపిరిలోకి వదులుతుంది.