ఉపతుఫానును గీతల్లో చదవడం – నాలుగో పాఠం: మొదలైన నిమిషాన్ని పట్టుకోవడం

భూమి అయస్కాంత క్షేత్రం రాత్రి వైపు తోకలా సాగి ఉంటుంది. ఆ తోకలో పోగైన శక్తి ఒక్కసారిగా విడుదలవడమే ఉపతుఫాను; నేల మీది అయస్కాంతమాపకాలు గీసే గీతల్లో అది కనిపిస్తుంది. దానికున్న పెరుగుదల (శక్తి పోగవడం), విస్తరణ (విడుదలవడం), పునరుద్ధరణ (సర్దుకోవడం) అనే మూడు దశలను కిందటి పాఠంలో చూశాం. ఈసారి విస్తరణ దశ మొదలయ్యే నిమిషం ఒక్కటే మన పని.

ముందు గడియారం సంగతి. సమాచారమంతా విశ్వ సమయంలో (గ్రీనిచ్ సమయంలో) ఉంటుంది. అనంతపురం రేఖాంశం దాదాపు 77.6 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కిస్తే విశ్వ సమయానికి మనం 5 గంటల 10 నిమిషాలు ముందుంటాం. అంటే ఇక్కడి అసలు అర్ధరాత్రి 18:50కి వస్తుంది. అప్పుడు గోడ గడియారం 12:20 చూపిస్తుంది. ఉపతుఫానులు ఎక్కువగా అర్ధరాత్రికి కాస్త ముందు వైపున మొదలవుతాయి కాబట్టి, నేర్చుకునేటప్పుడు విశ్వ సమయం 16 నుంచి 21 గంటల మధ్య ఘటనలనే తీసుకోండి.

సౌరగాలితో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగితే, పగటి వైపు భూమి క్షేత్రరేఖలు దానితో కలిసి రాత్రి వైపు తోకలోకి చేరతాయి. చెరువులోకి నీరు చేరినట్టు తోకలో శక్తి పోగవుతుంది. మధ్యనున్న ప్లాస్మా (విద్యుదావేశ కణాల) పొర పలచబడుతుంది. 6.6 భూ వ్యాసార్ధాల దూరంలోని భూస్థిర కక్ష్యలో క్షేత్రం సాగిపోతుంది, శక్తిమంతమైన ఎలక్ట్రాన్ల లెక్క తగ్గుతుంది. ఇదంతా తరచుగా అరగంట నుంచి గంట పడుతుంది.

తర్వాత అంతా నిమిషాల్లోనే. సాగిన క్షేత్రం భూమికి దగ్గరలో మళ్లీ ద్విధ్రువ (కడ్డీ అయస్కాంతం లాంటి) రూపానికి వస్తుంది, కణాలు లోపలికి తోసుకొస్తాయి. తోకకు అడ్డంగా పారుతున్న విద్యుత్తులో కొంత భాగం క్షేత్రరేఖల వెంట అయనావరణంలోకి (వాతావరణంలో పైనుండే విద్యుదావేశ పొరలోకి) దిగి, అక్కడ పడమరకు పారి, మళ్లీ తోకకే చేరుతుంది. ఆ ప్రవాహం కింద, ధ్రువకాంతి మండలంలో, ఉత్తర దిశ క్షేత్రం వందల నానోటెస్లాలు (క్షేత్ర బలానికి కొలమానం) పడిపోతుంది. ఆ మండలంలోని కేంద్రాల కొలతలతో తయారయ్యే ఏఎల్ సూచీ చూపేది ఆ పతనాన్నే.

మనలాంటి తక్కువ అక్షాంశాల వాళ్లకు చిక్కు ఇక్కడే. అదే సమయంలో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) కేంద్రం గీత పడదు, లేస్తుంది. క్షేత్రరేఖల వెంట పారే ప్రవాహాల ప్రభావం అది. లేచేది కొద్ది నానోటెస్లాలే అయినా రాత్రి గీత ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి కనిపిస్తుంది. పడిపోయి గంటల తరబడి లేవకపోతే అది అయస్కాంత తుఫాను, వేరే కథ.

ఇంకా కచ్చితమైన గుర్తు పీఐ2 స్పందనలు, అంటే ఉపతుఫాను మొదలైనప్పుడు క్షేత్రంలో వచ్చే చిన్న ఊగిసలాటలు: 40 నుంచి 150 సెకన్ల ఆవర్తన కాలం. వీటికి సెకనుకొకటి చొప్పున నమోదైన సమాచారమే కావాలి. నిమిషానికొక బిందువున్న పటంలో వెతకడం వృథా.

తోకలో ముందు ఏది జరుగుతుంది, దూరాన క్షేత్రరేఖలు తెగి కలవడమా, భూమికి దగ్గరలో క్షేత్రం ద్విధ్రువ రూపానికి రావడమా అన్న వాదన పాతదే. 2008 ఫిబ్రవరి 26న నాసా వారి థెమిస్ ఉపగ్రహాలు చూసిన ఘటనలో, తోకలో దాదాపు 20 భూ వ్యాసార్ధాల దూరాన క్షేత్రరేఖలు తెగి కలిసిన ఒకటిన్నర నిమిషాలకు ధ్రువకాంతి ప్రజ్వరిల్లింది. అది గట్టి సాక్ష్యమే. అయినా ఒక్క ఘటనతో తీర్పు చెప్పేయడం నాకు తొందరపాటుగానే తోస్తుంది.

అభ్యాసం (అంకెలు నేను కూర్చినవి; వేళలు విశ్వ సమయంలో, ఏఎల్ నానోటెస్లాల్లో): ఏఎల్ 18:20కి –90, 18:34కి –120, 18:36కి –260, 18:40కి –430. హైదరాబాద్ గీత 18:35 నుంచి 12 నానోటెస్లాలు లేచింది. 19:40కి ఏఎల్ మళ్లీ 200 నానోటెస్లాల మేర పడింది, హైదరాబాద్ గీత మాత్రం కదలలేదు. మొదటి ఘటన ఏ నిమిషంలో మొదలైంది? రెండోది ఉపతుఫానేనా? దానికి కనీసం రెండు వివరణలు రాయండి. వాటిలో ఒకటి రేఖాంశానికి సంబంధించినది కావాలి. జవాబులు ఐదో పాఠంలో.