డబుల్ డెక్కర్ బస్సు పెద్ద మోడల్ ఎలా చేయాలి? ముందు డోమ్ దగ్గర తొందర వద్దు

సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాకా 7జెడ్ డబుల్ డెక్కర్‌లో మేడ మీద ముందు సీటు కోసం పోటీపడినవాళ్లు హైదరాబాద్‌లో ఇంకా చాలామందే ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో హెచ్ఎండీఏ మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లను రోడ్డెక్కించాక వాళ్ల పిల్లలకూ ఆ మోజు పట్టుకుంది. స్కూల్ ఎగ్జిబిషన్లలో, హాబీ మేళాల్లో ఈ బస్సు మోడల్స్ తరచూ కనిపిస్తుంటాయి. చక్రాలు బాగుంటాయి, కిటికీలు వరసగా ఉంటాయి, ఎర్ర రంగు మెరుస్తుంటుంది. ముందుకు వెళ్లి చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. మేడ మీద నున్నగా వంపు తిరగాల్సిన నుదురు చదునుగా కోసేసి ఉంటుంది. అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టు ఉంటుంది. అన్ని వారాల కష్టం అక్కడే పోతుంది.

అందుకే ఈ వ్యాసంలో సింహభాగం ఆ నుదురుకే, అంటే ముందు డోమ్‌కే. మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఏ బస్సు, ఎంత సైజు

మొదటిసారి చేసేవాళ్లు లండన్ రూట్‌మాస్టరే చేయాలి. మన పాత బస్సు మీద ప్రేమ నాకూ ఉంది. కానీ కొలతలు, అన్ని వైపుల నుంచి తీసిన ఫోటోలు రూట్‌మాస్టర్‌కు దొరికినంత విరివిగా ఇంకే డబుల్ డెక్కర్‌కూ దొరకవు. 1954లో మొదటి నమూనా వచ్చింది, 1968 దాకా తయారీ సాగింది, మొత్తం 2,876 బస్సులు చేశారు. 2005 డిసెంబరు 9న రోజువారీ సర్వీసుల నుంచి తప్పించినా, మ్యూజియాల్లో, అభిమానుల షెడ్లలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఒక మూల ఎలా ఉంటుందో అర్థంకాకపోతే ఆ మూల ఫోటో వెతికితే దొరుకుతుంది.

స్కేలు 1:12 పెట్టుకోండి. ఇందులో సౌకర్యం ఏమిటంటే, అసలు బస్సులో ఒక అడుగు మన మోడల్‌లో ఒక అంగుళం. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. మామూలు రూట్‌మాస్టర్ పొడవు 27 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 8 అడుగులు, ఎత్తు 14 అడుగుల నాలుగున్నర అంగుళాలు. కాబట్టి మీ మోడల్ పొడవు ఇరవై ఏడున్నర అంగుళాలు, వెడల్పు 8, ఎత్తు 14 పైన కాస్త. 1:24లో చేస్తే బల్ల మీద సరిపోతుంది కానీ, డోమ్ మరీ చిన్నదై చేతికి పట్టు దొరకదు. ఒక్క జాగ్రత్త: పక్కన మధ్యలో ఒక చిన్న కిటికీ అదనంగా కనిపిస్తే అది పొడుగు రకం, ఆర్‌ఎంఎల్. రెండు రకాల ఫోటోలు కలిపి వాడితే కొలతలు ఎక్కడా కలవవు.

సామాను

3 ఎంఎం, 5 ఎంఎం సన్‌బోర్డు షీట్లు. ఫ్లెక్సీలు, సైన్‌బోర్డులు చేసే షాపుల్లో దొరుకుతాయి. పూర్తిగా పీవీసీతో చేసినదే అడగండి. పైన పేపరు, లోపల థర్మకోల్ లాంటి ఫోమ్ ఉన్న బోర్డు కూడా కొందరు సన్‌బోర్డు అనే ఇస్తారు. దానిమీద స్ప్రే పెయింట్ పడితే లోపలి ఫోమ్ కరిగిపోతుంది. స్టీలు స్కేలు, మూలమట్టం, మంచి కట్టర్, బోలెడు బ్లేడ్లు, 80 నుంచి 400 నంబరు దాకా ఎమరీ పేపర్, పైపులకు వాడే పీవీసీ సొల్యూషన్, ఫెవిక్విక్, కారు డెంటింగ్ షాపుల్లో వాడే రెండు భాగాల పుట్టీ. ఈ హార్డ్‌వేర్ సామానంతా రాణిగంజ్‌లో దొరుకుతుంది. ఎల్‌ఈడీలకు కోఠి గుజరాతీ గల్లీ. తెల్ల ఫెవికాల్ కొనొద్దు, అది చెక్కకు, పీవీసీకి కాదు.

అట్టతో చేస్తాం, ఎండీఎఫ్‌తో (చెక్కపొడిని అదిమి చేసే బోర్డు) చేస్తాం అని అడుగుతుంటారు. ఇరవై ఏడు అంగుళాల అట్ట గోడ నెల తిరక్కుండానే మధ్యలో వంగుతుంది. ఎండీఎఫ్ అంచులు మన జులై గాలికే ఉబ్బుతాయి. సన్‌బోర్డే వాడాలి.

ఇంకో ముఖ్యమైన మాట. పీవీసీ షీటును లేజర్ కటింగ్‌కు ఇవ్వొద్దు. లేజర్ వేడికి పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు చేటు, మెషీన్‌కూ తుప్పు. తెలిసిన షాపువాళ్లు ఎలాగూ ఒప్పుకోరు. మెషీన్‌తోనే కోయించాలనుకుంటే సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ నడిపే కోత మెషీన్ ఉన్న చోటికి వెళ్లండి. నన్నడిగితే చేత్తో కోయడమే మేలు. కోస్తున్నప్పుడే బస్సు ఆకారం చేతికి అలవాటవుతుంది.

గోడలు, అంతస్తులు

మోడల్‌ను మూడు ముక్కలుగా కట్టండి: కింది అంతస్తు, పై అంతస్తు, టాప్. నేలలకు 5 ఎంఎం, గోడలకు 3 ఎంఎం.

రూట్‌మాస్టర్ కిటికీల మూలలు గుండ్రంగా ఉంటాయి. ముందు నాలుగు మూలల్లో డ్రిల్‌తో రంధ్రాలు చేసి, తర్వాత వాటి మధ్య కట్టర్‌తో కోయండి. మూలలన్నీ ఒకే గుండ్రంతో వస్తాయి. ఎడమ గోడ, కుడి గోడ ఒకటి కావు. ఎడమ వెనక మూలలో కండక్టర్ నిలబడే తెరిచిన ప్లాట్‌ఫాం ఉంటుంది, మేడ మెట్లు అక్కడి నుంచే పైకి తిరుగుతాయి. డ్రైవర్ క్యాబిన్ ముందు కుడివైపు మాత్రమే ఉంటుంది, దాని పక్కన ఎడమవైపు ఇంజిను. గోడలు ఫెవిక్విక్ చుక్కలతో నిలబెట్టి, మూలమట్టంతో చూసుకుని, ఆ తర్వాతే లోపలి మూలల్లో సొల్యూషన్ పట్టించండి.

సీట్లు కింద 28, పైన 36, మొత్తం 64. టాప్ పెట్టకముందే బిగించేయాలి. ముందు చక్రాలు ఒక్కొక్కటి, వెనక జంటలు. టైరు ఎత్తు మూడున్నర అంగుళాలకు కాస్త తక్కువ ఉంటే చాలు.

టాప్ మధ్యభాగం ఒకే దిక్కుకు వంగుతుంది. కాబట్టి అడ్డ పక్కటెముకలు నిలబెట్టి, పల్చని సన్‌బోర్డును హెయిర్ డ్రయర్‌తో వెచ్చచేసి వాటి మీద వంచితే చాలు.

ముందు డోమ్

ఇక్కడ ఆగి, ఫోన్ పక్కన పెట్టి చదవండి.

డోమ్ రెండు దిక్కులకు ఒకేసారి వంగుతుంది. ముందు నుంచి వెనక్కి ఒక వంపు, ఎడమ నుంచి కుడికి ఇంకో వంపు. ఏ షీటూ సాగకుండా, ముడతపడకుండా అలా వంగదు. అందుకే షీటుతో ప్రయత్నించిన ప్రతివాళ్లూ చివరికి మూలలు కత్తిరించి, సందుల్లో పుట్టీ కుక్కేస్తారు. మందంగా పెట్టిన పుట్టీ బరువెక్కుతుంది, ఒక ఎండాకాలం గడిచేసరికి సన్నగా పగులుతుంది. డోమ్‌ను వంచకూడదు, చెక్కాలి.

ముందు టెంప్లేట్లు, అంటే వంపు సరిచూసుకునే కొలత అట్టలు. చెక్కడం మొదలుపెట్టాక కాదు, ముందే. కొలతలు, ఫోటోలు చూసి మోడల్ సైజులో గీసుకున్న డ్రాయింగు నుంచి మూడు వంపులు తీసుకోండి: సరిగ్గా మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒకటి, మూల మీదుగా ఏటవాలుగా ఒకటి, డోమ్ టాప్‌తో కలిసే చోట అడ్డంగా ఒకటి. వీటిని ప్లాస్టిక్ ఫైలు అట్టలో ఉల్టాగా కోయాలి, అంటే డోమ్ మీద ఆనిస్తే వంపు సరిగ్గా కూర్చునేలా. మూల టెంప్లేట్ ఒక్కటే చేయండి. ఎడమ మూలకు వాడినదాన్నే తిరగేసి కుడి మూలకు వాడాలి. రెండు మూలలకు రెండు విడివిడి టెంప్లేట్లు చేస్తే వాటి మధ్య వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడాకే బస్సు మొహం ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తుంది. మనిషి కన్ను అలాంటి వంకరను దూరం నుంచే పట్టేస్తుంది.

తర్వాత 5 ఎంఎం సన్‌బోర్డు పొరలు. కిటికీల పై అంచు నుంచి టాప్ నడినెత్తి దాకా, డ్రాయింగును బట్టి ఏడెనిమిది పొరలు పడతాయి. ప్రతి పొరనూ ఆ ఎత్తులో డోమ్ ఎంత వెడల్పు ఉంటుందో అంతకన్నా రెండు ఎంఎం ఎక్కువ ఉంచి కోయండి. ప్రతి పొర మీదా మధ్య గీత గీయాలి, అతికించేటప్పుడు ఆ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడాలి. చెక్కుతుంటే చుట్టూ అంచులు పోతాయి కానీ ఈ గీత మిగులుతుంది. మీకు చివరిదాకా దారి చూపేది అదే.

అతికించడంలోనే చాలామంది దెబ్బతింటారు. సొల్యూషన్‌ను అంచుదాకా పూయొద్దు. ఆరిన సొల్యూషన్ సన్‌బోర్డు కన్నా గట్టిగా ఉంటుంది. ఎమరీ పట్టినప్పుడు మెత్తటి పొర తొందరగా అరుగుతుంది, అతుకు మాత్రం సన్నటి నరంలా పైకి నిలబడుతుంది. దాన్ని దించాలని ఇంకా రుద్దితే రెండు పక్కలా గుంటలు పడతాయి. అందుకే బయటి అంచుకు అర అంగుళం లోపలే సొల్యూషన్ ఆపేయండి. అంచుల్లో మిగిలే సన్నటి సందును తర్వాత పుట్టీతో నింపుకోవచ్చు. అతికించాక బరువు పెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున గట్టిగానే అనిపిస్తుంది, అయినా సాయంత్రం దాకా ముట్టుకోవద్దు. పొరల మధ్య సొల్యూషన్ ఆరడానికి గాలి అందదు.

ఇప్పుడు ఈ దిమ్మను డబుల్ సైడ్ టేపుతో బస్సు మీద పెట్టి, అక్కడే చెక్కండి. బల్ల మీద చెక్కి తర్వాత అతికిస్తే గోడల అంచు, డోమ్ అంచు ఎప్పటికీ కలవవు. గోడల అంచుకు మాస్కింగ్ టేపు రెండు మూడు వరసలు వేస్తే ఎమరీ తగిలినా గీతలు పడవు.

మొదట కట్టర్‌తో మెట్లు మెట్లుగా ఉన్న అంచులు తీసేయండి. తర్వాత 80 నంబరు ఎమరీ. ఎమరీని ఎప్పుడూ వేళ్లతో పట్టుకోవద్దు. వేలి కింద ఒత్తిడి ఎక్కువై అక్కడ పల్లం పడుతుంది, కంటికి కనిపించదు, రంగు వేశాక బయటపడుతుంది. చిన్న సన్‌బోర్డు ముక్కకు ఎమరీ అంటించి దాంతోనే రుద్దాలి. నాలుగు రుద్దులు ఎడమన, నాలుగు కుడిన, మళ్లీ టెంప్లేట్. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వెళ్లడం అనే పద్ధతి అసలు పెట్టుకోవద్దు. పీవీసీ పొడి మంచిది కాదు, మాస్కు తప్పనిసరి, పని బాల్కనీలో పెట్టుకోండి.

టెంప్లేట్‌కు, డోమ్‌కు మధ్య అన్ని చోట్లా అర ఎంఎం ఖాళీ వచ్చాక 80 నంబరు పక్కన పెట్టేయండి. ఆ అర ఎంఎం పుట్టీ కోసం. డోమ్ అంతటా ఒకే పల్చని పూత వేయాలి, గుంటలున్న చోట మాత్రమే కాదు. అప్పుడు పైభాగమంతా ఒకే గట్టిదనంతో ఉండి, ఎమరీ అంతటా ఒకేలా అరుగుతుంది. వంద గ్రాముల పుట్టీకి రెండు గ్రాముల హార్డెనర్ చాలు. మే నెలలో ఐదు నిమిషాల్లోనే బిగుసుకుంటుంది కాబట్టి నిమ్మకాయంత మాత్రమే కలపండి. గోడలకు పూసే వాల్ పుట్టీ మాత్రం వద్దు, రాలిపోతుంది.

150, 240, 400 నంబర్లతో నున్నగా చేశాక గ్రే ప్రైమర్ కొట్టండి. దాని మీద దూరం నుంచి నల్ల స్ప్రే తుంపరలా చల్లండి. ఆరాక 400 నంబరుతో తడి ఎమరీ పడితే ఎత్తు మీద నలుపు పోతుంది, పల్లంలో నల్ల మచ్చ మిగులుతుంది. ఆ మచ్చల దగ్గర మళ్లీ పుట్టీ, మళ్లీ ఎమరీ. ఆఖరి పరీక్షకు డోమ్‌ను నీళ్లతో తడిపి ట్యూబ్‌లైట్ కింద పెట్టి, మీ తల మెల్లగా పక్కకు జరపండి. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ఎక్కడా విరక్కుండా డోమ్ మీద జారాలి. ఎక్కడైనా వంకర తిరిగితే అక్కడ ఇంకా పని ఉంది. ఇది కుదిరేదాకా రంగు డబ్బా మూత తీయొద్దు.

వెనక డోమ్‌కూ ఇదే పద్ధతి. కానీ ముందుది పూర్తయ్యాకే మొదలుపెట్టండి.

డోమ్‌ను 3డీ ప్రింట్ చేయించుకోవచ్చు కదా అంటారు. చేయించుకోవచ్చు. కానీ ప్రింట్ మీద పొరల గీతలుంటాయి. వాటికీ ఇదే పుట్టీ, ఇదే ఎమరీ, ఇదే ట్యూబ్‌లైట్. పైగా మీరు కట్టిన గోడలు డ్రాయింగు కన్నా ఒక ఎంఎం అటూ ఇటూ ఉంటాయి. చెక్కిన డోమ్ మీ గోడలకు సరిపోతుంది, ప్రింట్ చేసినది కంప్యూటర్‌లోని గోడలకే సరిపోతుంది.

రంగు, అద్దాలు, లైట్లు

వాన పడే రోజున రంగు వేయొద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే స్ప్రే మీద తెల్లటి మసక పడుతుంది. ఎరుపు కింద గ్రే అలాగే వదిలేస్తే రంగు చచ్చిపోతుంది, కాబట్టి మధ్యలో ఒక తెల్ల పూత ఇవ్వండి. ఆటో పెయింట్ షాపులో సిగ్నల్ రెడ్ అడిగి, పల్చగా మూడు నాలుగు పూతలు వేయండి. రెండు అంతస్తుల మధ్య సన్నటి లేత పట్టీని మాస్కింగ్ టేపుతో తీయాలి, బ్రష్‌తో కాదు.

అద్దాలకు పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు సరిపోతుంది. రంగు పూర్తిగా ఆరాక లోపలి నుంచి అతికించండి, అదీ ఫెవిక్విక్‌తో కాదు. దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. సన్నటి డబుల్ సైడ్ టేపు చాలు. లైట్లకు వార్మ్ వైట్ ఎల్‌ఈడీ స్ట్రిప్ తీసుకోండి. పాత బస్సుల్లో ఉండేవి పసుపు కాంతి బల్బులు, తెల్లటి ఎల్‌ఈడీ పెడితే ఆసుపత్రి వరండాలా కనిపిస్తుంది. వైర్లు వెనక మెట్ల పక్కనుంచి కిందికి దించితే బయటికి కనబడవు.

టాప్‌ను మాత్రం శాశ్వతంగా అతికించొద్దు. నాలుగు మూలల్లో చిన్న అయస్కాంతాలు పెట్టి కూర్చోబెట్టండి. స్ట్రిప్ పోయినా, సీటు ఊడినా మూత తీసి సరిచేసుకోవచ్చు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన, డాబా మీద, ఆపి ఉంచిన కారులో ఈ మోడల్‌ను పెట్టొద్దు. మన ఏప్రిల్, మే వేడికి పీవీసీ మెత్తబడి పక్క గోడలు వంగుతాయి. ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాలంటే పొద్దున్నే బయల్దేరండి, మోడల్‌ను డిక్కీలో కాకుండా వెనక సీటు మీద, కింద దుప్పటి పరిచి పెట్టుకోండి.