ఎదకు రాని ఆవు నడుము మీద చెయ్యి వేసి చూడండి

మా గౌరి రెండో ఈతలో పూటకు ఎనిమిది లీటర్లు ఇచ్చింది. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. నాలుగు నెలలు గడిచినా అది ఎదకు రాలేదు. సూదులు వేయించాను, మొలకెత్తిన శనగలు పెట్టాను. చివరికి వచ్చిన పశువైద్యుడు మందుల సంచి తెరవకుండానే నా చెయ్యి పట్టి దాని నడుము మీద పెట్టించారు. ఎముకలు వేళ్లకు గుచ్చుకున్నాయి. రెండు పూటలా పాలు పితికే నేను ఆ సంగతి గమనించనే లేదు. పొట్ట చూసి మోసపోయాను. వరిగడ్డి మేసే ఆవు పొట్ట ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది.

ముందు మీ పిడికిలి బిగించి, కణుపుల మీద రెండో చేతి వేళ్లు రాయండి. ఆవు నడుము పక్కనున్న చిన్న ఎముకల కొసలు అలా తగిలితే అది బక్కచిక్కినట్టే. చెయ్యి చాచి వేళ్ల వెనక భాగం తడిమితే ఎలా ఉంటుందో అలా, ఎముక తెలుస్తూ గుచ్చుకోకుండా ఉంటే సరైన ఒళ్లు. బొటనవేలి కింది కండలా మెత్తగా ఉంటే కొవ్వు ఎక్కువైంది. తర్వాత తోక మొదలు దగ్గర చూడండి. రెండు పక్కలా గుంట లోతుగా ఉండి చర్మం ఎముకకు అంటుకుంటే 1 నుంచి 5 వరకు ఉండే కొలతలో 2 లేదా అంతకు తక్కువ. గుంట పూర్తిగా పూడిపోతే 4 లేదా ఆపైన. ఈనే రోజుకు 3 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఈనాక అర పాయింటు కన్నా ఎక్కువ తగ్గకూడదు.

ఎందుకంటే, ఈనిన కొత్తలో పాలకు కావలసినంత శక్తి మేతలో దొరకదు. ఆవు ఒంటి కొవ్వు కరిగించి పాలిస్తుంది. అప్పుడు రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో కాలేయం నుంచి వచ్చే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కూడా తగ్గుతుంది. అండాశయంలో అండం పెరిగే బుడగకు ఈ రెండూ బలం. మరోపక్క మెదడు నుంచి సంకేతాలు తగ్గి, దాని కింది పిట్యూటరీ గ్రంథి అండం విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్‌ను గంటకోసారి వదలాల్సింది చాలా ఆలస్యంగా వదులుతుంది. బుడగ పెరుగుతుంది కానీ ఈస్ట్రోజన్ చాలినంత తయారు కాదు. ఆ ఈస్ట్రోజన్ లేక ఆవు అరవదు, జిగట తీగలు వేయదు. ఎల్‌హెచ్ ఒక్కసారిగా పొంగదు, అండం విడుదల కాదు. ఆ బుడగ కుంచించుకుపోతుంది, ఇంకొకటి మొదలవుతుంది. గౌరి లోపల నాలుగు నెలలు జరిగింది ఇదే. అలాంటి ఆవుకు హార్మోన్ సూది వేసినా ఫలితం అంతంతమాత్రమే.

బాగా కొవ్విన ఆవు మేలనుకోకండి. అది ఈనాక మేత సరిగా తినదు, కొవ్వు వేగంగా కరిగి కాలేయంలో చేరుతుంది. దాని ఎద కూడా వెనకబడుతుంది.

ఒళ్లు సరిచేయాల్సింది పాలు తగ్గుతున్న నెలల్లోనే. ఈనడానికి 60 రోజుల ముందు పాలు ఆపాక చిక్కించే ప్రయత్నం అసలు చేయవద్దు. ఈనాక దాణా ఒక్కసారిగా పెంచితే పొట్ట పులుస్తుంది. రెండు మూడు రోజులకు అర కిలో చొప్పున పెంచండి. ఒంటి పోషణకు ఒకటిన్నర కిలోలు, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో లెక్క. పచ్చిమేత, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి. ఒళ్లు బాగుండి కూడా రెండు మూడు నెలలకు ఎదకు రాకపోతే గర్భాశయాన్ని వైద్యుడితో పరీక్ష చేయించండి.

గౌరి మూడో ఈతకు 3.25తో ఈనింది. నెల తిరిగేసరికి 3కి దిగి అక్కడే ఆగింది. 52వ రోజు ఎద కనిపించింది. ఈనాక 60 రోజులు నిండలేదని గర్భధారణ చేయించకుండా వదిలేసి, మళ్లీ వచ్చే ఎద కోసం క్యాలెండర్‌లో 21 రోజులు లెక్కపెట్టి గుర్తు పెట్టుకున్నాను. 73వ రోజు తెల్లవారుజామున కొట్టంలోంచి అరుపు వినిపించింది. దీపం పట్టుకుని వెళ్తే తోకకు జిగట తీగ మెరుస్తోంది. ఆ సాయంత్రమే కృత్రిమ గర్భధారణ చేయించాను.