విదేశాల్లో రిటైరై కోనసీమకి వచ్చేవాళ్లకి మొదటి ఏడాది జాగ్రత్తలు

ముప్పై ఏళ్లు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండి, రిటైరయ్యాక అమలాపురం, రాజోలు వైపు ఇల్లు కట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది ఒకే దగ్గర పప్పులో కాలేస్తారు. "మనూరేగా, మనకేమవుతుంది" అనుకుంటారు. చిన్నప్పుడు కాలవ నీళ్లు తాగి అరాయించుకున్న పొట్ట ఇప్పుడు లేదు. పైగా బీపీ, షుగరు మాత్రలు వచ్చి చేరాయి. మొదటి ఏడాది ఊరికి కొత్తవాళ్లలాగే మసలండి.

డిసెంబరులో దిగితే మంచిది. తుపాన్ల బెడద చాలావరకు తగ్గుతుంది, ఎండ ముదరడానికి రథసప్తమి దాకా గడువుంటుంది. మేలో దిగి ఏసీ గదిలోనే కూర్చుంటే ఒళ్లు వేడికి అలవాటు పడదు, కరెంటు పోయిన మొదటి మధ్యాహ్నమే కళ్లు తిరుగుతాయి. అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. పొద్దున్నో సాయంత్రమో చెమట పట్టేలా అరగంట నడుస్తూ, మెల్లగా గంటకి పెంచండి. మన గాల్లో తేమ ఎక్కువ, కారిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నడకకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీళ్లు పోయినట్టు. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీరు తీసే మందు వాడుతుంటే వేసవికి ముందే రక్తంలో సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి. మోతాదు మాత్రం సొంతంగా మార్చొద్దు.

పొటాషియం అంటే ఇక్కడ ముందు గుర్తు రావలసింది బొండాం. ఏ గడప తొక్కినా బొండాం కొట్టిస్తారు, నాలుగిళ్లు తిరిగితే నాలుగు. ఒక్క గ్లాసులో దాదాపు అరగ్రాము పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఫర్వాలేదు. కిడ్నీ కాస్త దెబ్బతిని, బీపీకో గుండెకో లోసార్టానో టెల్మిసార్టానో రామిప్రిలో స్పైరనోలాక్టోనో వాడుతున్నవాళ్లకి ఆ పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయ తప్పే ప్రమాదముంది. "డాక్టరుగారు వద్దన్నారండీ" అంటే ఎవరూ తప్పుపట్టరు. మొహమాటానికి పోతే మోసపోయేది మీరే.

తాగే నీళ్ల సంగతి ఇల్లు కట్టకముందే చూడండి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, ఆ రోజుల్లో చెరువు నీళ్లే దిక్కు. సముద్రం వైపు ఊళ్లలో బోరు ఉప్పన. నీళ్లు పరీక్ష చేయిస్తే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు, దానికి ఆర్వో కావలసిందే. క్యాన్ నీళ్లు కొనేవాళ్లు క్యాన్ లోపల చెయ్యి పెట్టి చూడండి, జారుడుగా ఉంటే ఆ ప్లాంటు మానెయ్యండి.

డెంగీ దోమ పగలు కుడుతుంది, మురుగులో కాదు, మంచినీళ్లలోనే పెరుగుతుంది. కొబ్బరి దింపయ్యాక పెరట్లో మిగిలే చిప్పలు, ఎలకలు కొట్టి పడేసిన కాయలు, వాన పడితే దాని పాలిట ఉయ్యాలలే. గుడ్డు నుంచి దోమ దాకా వారం పది రోజులు చాలు. తొట్టెల్లో నీళ్లు పారబోసి ఊరుకుంటే సరిపోదు. గుడ్లు నీటి అంచుకి కాస్త పైన గోడకి అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి, మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. వారానికోసారి తొట్టె లోపలి గోడని బ్రష్షుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టి, అప్పుడు నింపండి.

జ్వరమొస్తే పారాసెటమాల్ ఒక్కటే. సూట్‌కేసులో తెచ్చిన అడ్విల్, అలీవ్ లాంటి నొప్పి మాత్రలు ముట్టొద్దు, డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్లు ఆ రోజే డాక్టర్ని అడగండి. జ్వరం తగ్గిందని సంబరపడే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేరండి.

మందుల చీటీ మీద బ్రాండు కాదు, మందు పేరు రాయించుకు రండి. అక్కడి ఎసిటమినోఫెన్ ఇక్కడ పారాసెటమాల్, అల్బుటెరాల్ సాల్బుటమాల్, గ్లైబురైడ్ గ్లిబెన్‌క్లమైడ్. అమెరికాలో పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ సాధారణంగా ఇక్కడి ఖర్చు ఇవ్వదు. అలాగని అందులో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బీ వదిలేసి, తర్వాత తిరిగి చేరితే ఆలస్యమైన ప్రతి ఏడాదికీ ప్రీమియం మీద 10 శాతం చొప్పున అదనం పడవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో ఇల్లు కొనొచ్చు. కొబ్బరితోట వ్యవసాయ భూమి కాబట్టి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.

లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉండేవాళ్లు జూలై, ఆగస్టు నెలల్లో గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరి వరద కబురు వింటూ ఉండాలి. 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. మొదటిదానికే రెండు వారాల మందులు సర్దుకోండి. డయాలసిస్ ఉన్నవాళ్లు రెండోదాని దాకా ఆగకుండా కాకినాడో రాజమండ్రో వెళ్లిపోవాలి. కరెంటు పోతే ఇన్సులిన్ని తడి ఇసకలో పెట్టిన కొత్త కుండలో, సీసా తడవకుండా డబ్బాలో పెట్టి నీడన ఉంచండి. ఐసు ముక్కల మీద పెడితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది.