స్లాబ్ పోసే ముందు రోజు డిజైన్ ఇంజనీర్ సైట్‌లో ఉండాలి

డిజైన్ ఇంజనీర్‌గా సైట్‌కు ఎన్నిసార్లు వెళ్లాలి అంటే, వారానికోసారి అని లెక్క పెట్టుకోవద్దు. కాంక్రీట్ కింద కప్పబడిపోయే పనిని బట్టి వెళ్లండి. జీ ప్లస్ 4 (గ్రౌండ్ ఫ్లోర్, పైన నాలుగు అంతస్తులు) అపార్ట్‌మెంట్‌కైతే పునాది గుంత తవ్వాక ఒకసారి, ఫుటింగ్ (పునాది దిమ్మ) కడ్డీలు కట్టాక ఒకసారి, ఆపైన ప్రతి స్లాబ్‌కూ ముందు రోజు ఉదయమే. సాయంత్రం వెళ్తే తప్పు దొరికినా విప్పి కట్టే టైముండదు. కాంక్రీట్ అప్పటికే ఆర్డరిచ్చేసి ఉంటారు.

ఎక్కువసేపు బాల్కనీ దగ్గర నిలబడండి. అక్కడ మెయిన్ కడ్డీ పైనుండాలి, కూలీలు తొక్కితే కిందికి దిగుతుంది. 125 మి.మీ. స్లాబ్‌లో 30 మి.మీ. దిగితే బలం దాదాపు 30 శాతం పోయినట్టే. కడ్డీ తొక్కి చూడండి. ఊగితే చైర్లు (పై కడ్డీని ఎత్తి పట్టే వంచిన కడ్డీ ముక్కలు) దగ్గరదగ్గరగా పెట్టించండి. కాలమ్ నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగుల కొనలు 135 డిగ్రీలు వంచి లోపలికి తిప్పారా? 90కే వదిలేస్తే భూకంపంలో విచ్చుకుంటాయి. కవర్ బ్లాకులు (కడ్డీకీ కాంక్రీట్ అంచుకూ మధ్య ఎడం ఉంచే దిమ్మలు) కాలమ్‌కు 40, ఫుటింగ్‌కు 50 మి.మీ. ఉండాలి.

గోడలు, ప్లాస్టరింగ్ సైట్ ఇంజనీర్ చూసుకుంటాడు.